కల్వర్టు సంగతి నేను చెప్పలేదు

మన స్టేషను కొత్త భవనం ప్రారంభానికి చిన్న పుస్తకం అచ్చువేస్తామనీ, అందులోకి పాత షెడ్లు, పాత బండ్లు, పాత పంపుల సంగతులు రాసిమ్మనీ మీరు మొన్నామధ్య మా ఇంటికొచ్చి అడిగారు. గుమ్మం దిగుతూ మీలో ఒకరు, "సముద్రం ఒడ్డు పేట కాలిపోయినప్పుడు మీరు పాత బండితో ముందు చేరుకున్నారట కదా సార్, అది మాత్రం గట్టిగా రాయండి" అన్నారు. నేను తలూపాను. ఆ మాట వచ్చినప్పుడల్లా ఇన్నేళ్ళుగా అలాగే ఊపుతున్నాను.

రాయడానికి కూర్చున్నాను. షెడ్డు సంగతి రాశాను, గంట సంగతి రాశాను, పంపు సంగతి రాశాను. పేట దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. మూడు రోజులు ఆగింది. మీ వయసువాళ్ళకి పనికొచ్చేది ఆ సంగతే కాబట్టి, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. పుస్తకంలో వేస్తారో మానేస్తారో మీ ఇష్టం.

నేను ఉద్యోగంలో చేరేనాటికి మన స్టేషను అంటే బియ్యం మిల్లువాళ్ళు అద్దెకిచ్చిన గొడౌను. రేకుల కప్పు. తవుడు వాసన గోడల్లోంచి పోయేది కాదు. ముందువైపు గోడ పగలగొట్టి బండి పట్టేలా పెద్ద ద్వారం చేశారు గానీ, ఎత్తు చూసుకోలేదు. బండి మీద నిచ్చెన ఉంటే లోపలికి పట్టేది కాదు. అందుకని వచ్చిన ప్రతిసారీ నిచ్చెన దించడం, వెళ్ళే ప్రతిసారీ ఎక్కించడం. గంటకి బదులు రైలు పట్టా ముక్క ఒకటి దూలానికి వేలాడేది. కాన్వాసు గొట్టాలు తడిసొస్తే ఆరబెట్టడానికి రెండు తాటి మాన్లు పాతి అడ్డంగా వాసం కట్టుకున్నాం. ఊళ్ళోవాళ్ళు దాన్ని చూసి "ఫైరోళ్ళు పాములు ఆరబెడతన్నారు" అని నవ్వేవారు.

బండి కూడా అలాంటిదే. నేను చేరేసరికే ముసలిది. మేం దాన్ని ముసలమ్మ అనేవాళ్ళం. చలికాలం తెల్లారి స్టార్టు కావాలంటే ఇద్దరు తొయ్యాలి. రెండో గేరు పడాలంటే దానికంటూ ఒక పద్ధతి ఉంది, కొంచెం వెనక్కి లాగి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు ముందుకి నెట్టాలి. ఆ ఒక్క క్షణం ఎంతో నా చేతికి తెలుసు. ఇంకెవరి చేతికీ తెలియదు. దాని పంపు నీళ్ళు లాగనని మొరాయిస్తే ఏ జాయింటు దగ్గర తడిగుడ్డ చుట్టాలో కూడా నాకే తెలుసు. ఆఫీసర్లు మారేవారు, ఫైర్‌మన్లు మారేవారు, బండి నాది. "నువ్వు లేకపోతే ఇది కదలదయ్యా" అని ఒక స్టేషను ఆఫీసరు అన్నాడు. ఆ మాట ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పాను. ఆవిడ, "దానికే అంత పొంగిపోతారేటి" అంది. పొంగిపోయాను మరి.

స్టేషన్లో నాతోపాటు ఇంకో డ్రైవరు ఉండేవాడు. ఇద్దరం ఒకే రోజు ట్రైనింగులో చేరాం, ఒకే గదిలో పడుకున్నాం. వాళ్ళది ఆమదాలవలస అవతల పల్లె, వరి చేలవాళ్ళు. మాది మిషను చర్చి కుటుంబం, సముద్రం వైపు. చుట్టరికం ఏమీ లేకపోయినా మొదటిరోజు నుంచీ "బావా" అన్నాడు, నేనూ అదే అన్నాను. పొడుగ్గా ఉండేవాడు. ఎవరైనా ఏదైనా చెబితే నోరు కొంచెం తెరిచి వినేవాడు. తనకి తెలియనిది తెలియదని చెప్పడానికి వాడికి సిగ్గుండేది కాదు. ఆ గుణం నాకు లేదు. అదే మొత్తం కథ, ఒక రకంగా.

ఒక ఏడాది కొత్త బండ్ల పంపు మీద ట్రైనింగు ఉంది, ఒక డ్రైవర్ని పంపమని కాయితం వచ్చింది. స్టేషను ఆఫీసరు ముందు నన్నే పిలిచాడు.

"ఎల్తావా?"

"ఇన్నేళ్ళుగా తోలతన్నాను సార్. కొత్తగా నాకేటి నేర్పుతారు వాళ్ళు?" అన్నాను.

ఆయన నా మొహం ఒకసారి చూసి, బావని పంపాడు.

ఏడాది తిరక్కుండా గొడౌను పోయి పక్కా భవనం వచ్చింది, ఇప్పుడు మీకు పాతదైపోయినది. రెండు బండ్లు పట్టే గ్యారేజీ, గొట్టాలు ఆరేయడానికి ఎత్తయిన టవరు, ఫోను దగ్గర కూర్చునేవాడికి అద్దాల గది. దాంతోపాటు కొత్త బండి. ఎర్రగా నిగనిగలాడుతూ వచ్చి నిలబడింది. స్టీరింగు ఒక్క వేలితో తిరుగుతుంది. మీట నొక్కితే పంపు నీళ్ళు లాగేస్తుంది. లోపల వైర్‌లెస్ సెట్టు. ఆర్డరులో దాని డ్రైవరు పేరు ఉంది. ట్రైనింగుకి వెళ్ళినవాడి పేరు.

ఎవరూ నాకు అన్యాయం చేయలేదు. ఆ మాట నాకు ఆరోజే తెలుసు. తెలిసినా కడుపులో మంట ఆగలేదు.

ప్రారంభం రోజు ఫొటో పేపర్లో పడింది. పెద్దలందరి మధ్యా కొత్త బండి స్టీరింగు పట్టుకుని బావ నవ్వుతున్నాడు. ఒక మూల నా మోచెయ్యి పడింది. అది నా మోచెయ్యేనని నాకూ మా ఆవిడకీ తప్ప ఎవరికీ తెలియదు. గ్యారేజీలో రెండో గది ముసలమ్మది అన్నారు గానీ, వారం తిరిగేసరికి అందులో ఆఫీసు బీరువాలు, విరిగిన కుర్చీలు చేరాయి. ముసలమ్మ ఆరుబయట టార్పాలిన్ కింద నిలబడింది. దాన్ని చూస్తే నన్నే బయట నిలబెట్టినట్టు ఉండేది.

వాడు పొద్దున్నే వచ్చి బండి అద్దం మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. అద్దం తుడవడం కూడా నాకు గొప్పలు పోతున్నట్టే కనిపించేది. బడిపిల్లలు గేటు దగ్గర నిలబడి బండిని చూస్తే వాడు హారను మోగించి చూపించేవాడు. పిల్లలు కేకలు వేసేవారు. ముసలమ్మకీ హారను ఉంది, ఎవరూ అడగలేదు. క్యారేజీ విప్పి "కూర తిను బావా" అని ముందుకి తోస్తే, "కడుపు బాగోనేదు" అనేవాడిని. ఇంటికెళ్ళి మా ఆవిడ దగ్గర వాడి నడక, వాడి నవ్వు, వాడి చొక్కా ఇస్త్రీ అన్నీ ఎత్తిపొడిచేవాడిని. ఆవిడ కొన్నాళ్ళు విని, "ఆయన మీకేటి సేసినాడు?" అంది. ఏమీ చేయలేదు. అదే నన్ను ఇంకా కాల్చేది.

ఆ వానాకాలం వరదలు గట్టిగా వచ్చాయి. అవి తగ్గి చాలా నెలలు గడిచాక, ఎండలు ముదురుతుండగా ఒక ఆదివారం, మా ఆవిడా నేనూ సైకిలు మీద సముద్రం ఒడ్డు పేటకి వెళ్ళాం. కళింగపట్నం వైపు ఉంటుంది. అక్కడ చిన్న ప్రార్థన మందిరం ఉంది. దారిలో చిన్న గెడ్డ పారుతుంది, దాని మీద కల్వర్టు ఉంది. కాళ్ళు కడుక్కుందామని గెడ్డలోకి దిగాను. తలెత్తి చూస్తే కల్వర్టు కింద ఒక పక్క మట్టి మొత్తం వరదకి కొట్టుకుపోయి బోలుగా ఉంది. పైన రోడ్డు మామూలుగానే ఉంది, పైనుంచి చూసేవాడికి ఏమీ తెలియదు. పేటవాళ్ళు ఎడ్ల బళ్ళని రెండో పక్క నుంచి జాగ్రత్తగా నడిపించుకుంటున్నారు. నీళ్ళు నింపిన ఫైరింజను వస్తే మాత్రం దిగిపోతుంది.

సోమవారం చెబుదామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

సోమవారం వెళ్ళేసరికి బావ అద్దాల గదిలో నల్లబోర్డు ముందు సుద్దముక్క పట్టుకుని ఉన్నాడు. ఎండాకాలం వచ్చేసింది, తాటాకు ఇళ్ళు అంటుకునే కాలం. ఏ పేటకి ఏ దారో బోర్డు మీద గీసుకుంటున్నాడు.

"మంచి టయానికొచ్చినావు బావా. సముద్రం పక్క దార్లు నాకంత ఎరిక నేదు. నీకు పుట్టిన కాడి నుంచి ఎరికే కదా. ఈ పేటకి గెడ్డ దారే దగ్గర కదా?"

"దగ్గరే."

"పాత దారే కదా? ఏటీ మారనేదు కదా?"

వెనకాల ఇద్దరు కుర్ర ఫైర్‌మన్లు నోట్లో పుల్ల పెట్టుకుని చూస్తున్నారు. వాడి వేళ్ళకి తెల్లగా సుద్ద. పక్కనే కిటికీలోంచి ఆ ఎర్ర బండి మెరుస్తోంది. నా నోట్లోంచి మాట ఇలా వచ్చింది:

"ఏటి మారతాది? రోడ్డే కదా."

వాడు గీత గీశాడు. గెడ్డ మీదుగా, తిన్నగా.

వాడు కల్వర్టులో పడాలని నేను కోరుకున్నానా? ఈ ప్రశ్న నన్ను నేను చాలాసార్లు వేసుకున్నాను. పడాలని కాదు. ఒక్కసారి, ఒక్కసారి ఆ బండి ఎక్కడైనా ఆగిపోతే, "అయ్యో, మీ బావని అడగాల్సింది" అని ఎవరైనా వాడితో అంటే బాగుండునని. అంతే. తర్వాత రోజు చెబుదామనుకున్నాను. ఆ తర్వాత రోజు కూడా. రోజులు గడిచేకొద్దీ, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడుగుతారేమోనన్న భయం కూడా తోడయింది.

పదిరోజులైందో లేదో, మధ్యాహ్నం భోజనాల వేళ ఫోను మోగింది. పడమటి గాలి ఈడ్చి కొడుతోంది. సముద్రం ఒడ్డు పేట అంటుకుంది.

ముందు బావ బండి బయల్దేరింది. స్టేషను ఆఫీసరు అందులోనే. వెనకాల ముసలమ్మతో నేను. ఊరు దాటాక దారి రెండుగా చీలుతుంది. గెడ్డ దారి దగ్గర. గుడి మలుపు దారి చుట్టు, కానీ గట్టిది. వాడు గెడ్డ దారిలోకి తిరిగాడు. నేను చూస్తుండగానే తిరిగాడు. హారను మోగించి ఆపొచ్చు. దుమ్ములో వాడు వింటాడో వినడో, కానీ మోగించొచ్చు. నా చెయ్యి హారను మీదే ఉంది. నేను గుడి మలుపు వైపు తిప్పాను.

పక్కనున్న ఫైర్‌మన్ అడిగాడు. "ఇటేటన్నా? ఆళ్ళు అటెల్లినారు కదా?"

"ఇటే నయం" అన్నాను.

ఎందుకు నయమో వాడు అడగలేదు. మా ముసలమ్మలో వైర్‌లెస్ లేదు. ఆ సంగతిని తర్వాత చాలాసార్లు అడ్డుపెట్టుకున్నాను.

నేను చేరేసరికి పడమటి వరస పూర్తిగా పోయింది, నడిమి వరస మండుతోంది. ఆడవాళ్ళు బిందెలతో ఉప్పునీళ్ళు మోస్తున్నారు. మగవాళ్ళు మంటకి ముందున్న ఇళ్ళ కప్పులు వెదురు గెడలతో లాగి పడేస్తున్నారు. ఎండు తాటాకు, ఎండిన వలలు, గాలి. నా బండిలో ఉన్న నీళ్ళు నడిమి వరసకే చాలవు. ఆ నీళ్ళయిపోతే పంపు గొట్టం పేట పక్క కాలవలో దించి లాగాలి, ముసలమ్మ పంపు ఎప్పట్లాగే మొరాయించింది. జాయింటుకి తడిగుడ్డ చుడుతూ తలెత్తి చూస్తే, తూర్పు వరస చివర మొదటి నిప్పురవ్వ ఒక కప్పు మీద వాలడం కనిపించింది. కొత్త బండి ఉంటే ఆ వరస దక్కేది. అందులో నాకు అనుమానం లేదు, అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

అప్పుడు వాళ్ళు పరుగెత్తుకుంటూ వచ్చారు. కల్వర్టు కుంగి బండి ముందు చక్రం దిగిపోయిందట. బండి వదిలేసి, గొట్టాల చుట్టలు భుజాన వేసుకుని, ఇసకలో అంత దూరమూ పరుగు. అందరికంటే ముందు బావ. చొక్కా లేదు, మోకాలు చీరుకుపోయి రక్తం. నా వైపు చూడను కూడా చూడలేదు.

తూర్పు వరస ఆఖరి ఇంట్లో ఒకావిడ ఉంది. కొత్తగా అల్లిన వల లోపల ఉందని వెనక్కి దూరింది. వద్దని అందరూ అరుస్తున్నారు. బావ తడిగోనె తలమీద వేసుకుని లోపలికెళ్ళాడు. ఆవిణ్ణి, ఆవిడ వదలని వలనీ కలిపి ఈడ్చుకొచ్చాడు. ఆవిడ చేతులు రెండూ మోచేతులదాకా కాలాయి. వాళ్ళు బయటపడ్డ రెప్పపాటులో కప్పు కూలింది.

మీకు నిజం చెబుతానన్నాను కదా. ఆ క్షణంలో, గొట్టం పట్టుకుని నిలబడి, నాకు వచ్చిన మొదటి ఆలోచన ఇది: ఈ పని కూడా వాడికే దక్కింది.

ప్రాణాలు పోలేదు. తూర్పు వరస మొత్తం పోయింది.

విచారణ జరిగింది. దారి చూసుకోకుండా బండి నడిపాడని బావ మీద ఛార్జి మెమో. నన్ను పిలిచి, నువ్వు చుట్టుదారి ఎందుకు పట్టావని అడిగారు. "అనుభవం సార్" అన్నాను. ఆ మాట రాసుకున్నారు. పై ఆఫీసు నుంచి నాకు మెప్పు కాయితం వచ్చింది. నల్లబోర్డు దగ్గర నన్ను దారి అడిగిన సంగతి బావ చెబుతాడేమోనని భయపడ్డాను. వాడు చెప్పలేదు. నాకు తెలిసే అలా అన్నానని వాడి ఊహకే రాలేదు. వాణ్ణి ఒడిశా సరిహద్దు కొండల్లోని స్టేషనుకి బదిలీ చేశారు. వెళ్ళేరోజు బండి తాళం నా చేతిలోనే పెట్టాడు.

"క్లచ్చి మెత్తగా తొక్కు బావా. దానికి మొరటుగా తొక్కితే గిట్టదు" అన్నాడు.

ఆ బండి ఎక్కి కూర్చున్నాను. సీటు వాడి పొడుగు కాళ్ళకి సరిపోయేలా వెనక్కి జరిపి ఉంది. నా కాలు క్లచ్చికి అందలేదు. సీటు ముందుకి జరుపుకుని, రిటైరయ్యేదాకా దాన్నే తోలాను. తోలినన్నాళ్ళూ అది వాడి బండిలాగే ఉంది. కొండల్లో జనం వాణ్ణి నెత్తిన పెట్టుకుంటున్నారని తెలిసినప్పుడు, మళ్ళీ కుళ్ళుకున్నాను. తీసుకోవాల్సింది అంతా తీసుకున్నాక కూడా.

మీరు వచ్చి వెళ్ళిన నాలుగో రోజు, ఆమదాలవలస బస్సెక్కి వాడి ఊరు వెళ్ళాను. రిటైరై చేను చూసుకుంటున్నాడు. అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. ఏ పలకరింపులూ లేకుండా చెప్పేశాను. గెడ్డలోకి దిగింది, చూసింది, బోర్డు, సుద్దముక్క, హారను మీద చెయ్యి.

వాడు నోరు కొంచెం తెరిచి విన్నాడు, ఎప్పట్లాగే. విన్నాక చేను వైపు తిరిగాడు. చెంప మీద కొడతాడేమోననుకున్నాను. కొట్టినా బాగుండేది.

"నన్నెంత అన్నారో నీకెరికేనా బావా? మా నాయిన సచ్చిపోయేదాకా అడిగినాడు, కళ్ళు మూసుకుని తోలినావేట్రా అని."

నేను తాగి దించిన గ్లాసు పక్కకి జరిపాడు.

"సరే. నాకు సెప్పినావు. ఆ పేటోళ్ళకి సెప్పినావా?"

ఆ మాట నాకు తట్టలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి తట్టలేదు. ఆ కథలో నేనూ వాడూ ఉన్నాం, రెండు బండ్లు ఉన్నాయి. కాలిన ఇళ్ళు మా వెనక ఎక్కడో బొమ్మల్లాగ ఉన్నాయి.

మర్నాడు పేటకి వెళ్ళాను. ఇప్పుడు అన్నీ సిమెంటు ఇళ్ళు. ఆవిడ ఉంది, ముసలిదైపోయింది. ఇసకలో వల పరిచి చేపలు ఎండేస్తోంది. పేట కాలినప్పటి సంగతి మాట్లాడాలని వచ్చానన్నాను.

"ఏ అగ్గి నాయినా? మాకు మూడు పాలి అంటుకున్నాది."

ఆవిడకి ఏ అగ్గో చెప్పడానికే కొంత సేపు పట్టింది. తర్వాత మిగతాది చెప్పాను. ఆవిడ చేపలు తిరగేస్తూనే ఉంది. మోచేతుల దాకా చర్మం ముడుచుకుపోయి మెరుస్తోంది.

"కల్వర్టు బోలైపోనాదని మా ఊరంతా ఎరికే" అంది ఆఖరికి. "మమ్మల్ని ఎవులూ అడగనేదు. నువ్వు సూసినావు, నువ్వూ సెప్పనేదు. సెప్తే నీదేటి పోతాది, నోరే కదా?"

"తప్పే" అన్నాను.

"తప్పని నాకిప్పుడు సెప్తే నా ఇల్లు లెగుస్తాదేటి?" అని మరో వరస తిరగేసింది. తిరగేస్తూనే, "నన్ను లాగినోడు ఉన్నాడా? మొకం సూడనేదు ఆ దినం. పొగ. ఓ పాలి తీసుకురా ఆయన్ని" అంది.

నన్ను ఇంకేమీ అడగలేదు. వాడి గురించే అడిగింది. నేను డెబ్బై దగ్గరపడ్డ మనిషిని, తప్పు ఒప్పుకుని నిలబడ్డవాణ్ణి, అయినా నా కడుపులో ఆ పాత మంట చిన్నగా రేగింది. రేగిందని నాకు తెలిసింది. వెనకటికి అదే తెలిసేది కాదు.

ఆ ఆదివారం బావని నా స్కూటరు వెనక ఎక్కించుకుని పేటకి తీసుకెళ్ళాను. గెడ్డ మీద ఇప్పుడు పెద్ద వంతెన. దాని మీదికి రాగానే స్కూటరు నెమ్మది చేశాను. ఆవిడ వాడి మొహం రెండు చేతులతో పట్టుకుని దగ్గరికి లాక్కుని చూసింది, కళ్ళు సరిగ్గా ఆనక. "ఇంత పొడుగేట్రా నువ్వు" అంది. వాడు ఏడ్చాడు. ఆ వల ఏమైందని అడిగాడు. "ఆ వలతోనే మళ్ళీ ఇల్లు నిలబెట్టుకున్నాం" అంది. వాళ్ళిద్దరూ అరుగు మీద కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను స్కూటరు దగ్గర ఎండలో నిలబడ్డాను. రమ్మని ఎవరూ పిలవలేదు, పిలవాల్సిన పనీ లేదు.

వచ్చేటప్పుడు ఆవిడ ఎండుచేపలు రెండు పొట్లాలు కట్టి తెచ్చింది. ఒకటి వాడికిచ్చింది, రెండోది నా చేతిలో పెట్టింది. వాడి పొట్లం పెద్దది. నేను చూశాను.